మాస్టారి వెంటబడిన కాలిబాట

డ్రైవింగ్ స్కూలు మాస్టారికి కోపం ముక్కు మీదే ఉంటుందని వీధి వీధంతా తెలుసు. ఉండదా మరి? క్లచ్చుకీ బ్రేకుకీ తేడా తెలియని వాళ్ళ చేతుల్లో ప్రాణాలు పెట్టి, రోజంతా పక్క సీట్లో కూర్చుని "ముందు చూడండి, ముందు చూడండి" అని గొంతు చించుకోవడమే ఆయన ఉద్యోగం. అలా కూర్చుని కూర్చుని నడుము పట్టేసింది. మందులతో పనికాదు, పొద్దున్నే లేచి నడవండి అన్నాడు డాక్టరు.

ఈ ఊళ్ళో నడవడానికి చోటెక్కడ ఏడిసిందని విసుక్కుంటూనే బయల్దేరాడు మాస్టారు. ఏళ్ళ తరబడి ప్రతి మలుపూ కారు అద్దంలోంచి చూసిన మనిషి. పోస్టాఫీసు వెనక ఒక పార్కుందని కాళ్ళతో వెళితే గాని తెలియలేదు. అందులో చెట్లకంటే బోర్డులెక్కువ. గడ్డి తొక్కకూడదు, పువ్వు ముట్టకూడదు, పరిగెత్తకూడదు. ఇంక జనం రావడం దేనికట? నీళ్ళ ట్యాంకు పక్కన ఇంకోటి కనబడింది. అక్కడ జనం గానుగెద్దుల్లా ఒకే చుట్టు తిరుగుతున్నారు. మాస్టారు ఎదురు దిక్కుగా నడిచేసరికి అందరూ కలిసి కసిరారు. అక్కణ్ణించీ తిట్టుకుంటూ వెళితే పాత మిల్లు వెనక మరో పార్కు తగిలింది. దాంట్లో పంపు షెడ్డు పక్కనుంచి పొదల్లోకి సన్నటి మట్టి కాలిబాట ఒకటి పోతోంది. బోర్డు లేదు, పాడూ లేదు. తడి ఆకుల వాసన. ఎక్కడో కనిపించకుండా కూస్తున్న పిట్ట. దాని మీద వెళ్ళి వెళ్ళి మాస్టారు నడుము నొప్పి సంగతే మర్చిపోయాడు. ఎవరినీ తిట్టకుండా అంతసేపు గడిపి ఎన్నేళ్ళయిందో ఆయనకే గుర్తు లేదు.

తిరిగి ఇంటికి వస్తుంటే కాలిబాట ఆయన వెనకే వచ్చింది. మొదలు పంపు షెడ్డు దగ్గరే ఉంది. చివర మాత్రం ఆయన మడమల దగ్గరుంది. రోడ్డు దాటి, మెకానిక్కు కొట్టు ముందునుంచి వచ్చి, గేటు కిందనుంచి దూరి, గడప ముందు ఆగింది. మాస్టారి భార్య తలుపు తీసి చూసింది.

"కాళ్ళు దులుపుకుని రండి. దాన్ని అక్కడే ఉండమనండి, ఇప్పుడే ఊడ్చాను," అంది.

అసలు గోల ఆ మర్నాటినుంచి మొదలైంది. పార్కులో దారి పట్టినవాళ్ళు పట్టినట్టు తిన్నగా మాస్టారి వాకిట్లో తేలుతున్నారు. ఒకాయన మంచినీళ్ళడిగాడు. రిటైరైన పెద్దమనుషులిద్దరు వరండాలో కుర్చీలు లాక్కుని, ఎప్పటిదో ఆఫీసు తగాదా తేల్చుకుంటూ ఎంతకీ కదల్లేదు. ఒకావిడ, ఇంతేనా, ఇంక చూడ్డానికేమీ లేదా అని మొహం చిట్లించి వెళ్ళింది. పార్కు వాచ్‌మన్ కూడా అదే దారిన వచ్చి, తీసుకెళ్ళినవాళ్ళు తెచ్చి పెట్టకపోతే ఎలా మాస్టారూ అని నిష్ఠూరమాడి, టీ తాగి వెళ్ళాడు.

మాస్టారు చెయ్యని ప్రయత్నం లేదు. చెప్పులు మార్చాడు. ఆటోలో తిరిగొచ్చాడు. మిల్లు గోడ దూకి ప్యాంటు చింపుకున్నాడు. ఏం చేసినా తలుపు తీసేసరికి అది గడప ముందు చల్లగా పడుకుని ఉండేది. ఆయనకి తల ప్రాణం తోకకొచ్చింది.

నిజం చెప్పాలంటే ఆయన చిరాకంతా దారి మీద కాదు, అక్క మీద. ఆవిడ బడిలో పిల్లలకి కుట్టుపని నేర్పే టీచరు. మొదట్నుంచీ తమ్ముడి దగ్గరే ఉంటోంది. కిందటి వానల్లో ఒక సాయంత్రం, పైపులు వేస్తామని వీధులన్నీ తవ్వి పారేసిన రోజుల్లో, కరెంటు కూడా పోయి, తను రోజూ వచ్చే దారిలోనే తప్పిపోయింది. ఎవరో పుణ్యాత్ములు తెచ్చి దింపేసరికి తడిసి ముద్దై ఉంది. తన ఇంటిని తనే ఎవరిదో అన్నట్టు చూసింది. డాక్టర్లు పరీక్షలన్నీ చేసి తలలో ఏమీ లేదన్నారు. ఆ మాటకి ఆవిడ కూడా నవ్వింది. కాని ఆ తర్వాత గేటు దాటలేదు. గేటు దాకా చక్కగా వెళ్తుంది, చువ్వ పట్టుకుంటుంది, అక్కడే నిలబడిపోతుంది.

హెడ్మిస్ట్రెస్ మంచి మనిషే. ఇన్నాళ్ళూ ఆగింది, ఇంక నావల్ల కాదంది. సోమవారం బడి తెరిచేసరికి రాకపోతే ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు. అక్కకి ఆ ఉద్యోగమంటే ప్రాణం. పిల్లలెవరైనా వంకరటింకరగా మొదటి గుండీ కాజా కుట్టి తెచ్చి చూపిస్తే ఆవిడ మొహం వెలిగిపోయేది. ఇప్పుడేమో వరండాలో కూర్చుని, బాగానే ఉన్న దుప్పట్ల అంచులు విప్పి మళ్ళీ కుడుతోంది.

పొద్దున్నే పార్కులో నడిపిస్తే అక్క బాగుపడుతుందని మాస్టారికి ఒకటే పట్టుదల. రోజూ చెయ్యి పట్టుకుని, తను ముందు నడుస్తూ, ఆవిణ్ణి లాక్కెళ్ళేవాడు. "ముందు చూడక్కా. వెనక్కి తిరక్కు," అనేవాడు, కారు నేర్చుకునేవాళ్ళకి చెప్పినట్టే. ఆవిడ మాత్రం అడుగడుక్కీ వెనక్కే తిరిగేది. గేటు రాగానే చెయ్యి విడిపించుకునేది. బతిమాలాడు, బుజ్జగించాడు, రోడ్లన్నీ పూడ్చేశారని ఒట్టు పెట్టి మరీ అబద్ధమాడాడు. గోడకి చెప్పినా ఒకటే, ఆవిడకి చెప్పినా ఒకటే.

ఆదివారం నాడు ఆయన ఓపిక కాస్తా అయిపోయింది.

"నాకింకేం పనిలేదా? పోనీ, ఆ ఉద్యోగం పోతే పోనీ. బతుకంతా ఈ దుప్పట్లు కుట్టుకుంటూ కూర్చో," అని అరిచాడు. అప్పుడే దారి చివరికొచ్చిన వాకర్లు తలలు దించుకుని వచ్చినదారినే వెళ్ళిపోయారు.

అక్క ఏడవలేదు. గేటు చువ్వ వదలకుండానే అంది.

"వెళ్ళడానికి నాకేం భయం లేదురా. కళ్ళు మూసుకుని బడికి వెళ్ళగలను. తిరిగి రావడమే. వెనక్కి తిరిగేసరికి ఇల్లు ఉండదేమోనని."

"కారులో నేను తీసుకొస్తాగా."

"ఎన్నాళ్ళు తెస్తావ్? ఒకళ్ళు తెచ్చి దింపితే గాని ఇల్లు చేరలేనిదాన్ని, పిల్లలకేం నేర్పుతాను?"

మాస్టారు విసురుగా లోపలికి వెళ్ళిపోయాడు. ఇంకా కోపంగానే ఉంది. ఎవరి మీదో మాత్రం తెలియలేదు. ఇన్నాళ్ళూ వెనక్కి చూడొద్దని అక్క ప్రాణం తీశానే అని రాత్రి అన్నం దగ్గర భార్యతో అన్నాడు. ఆవిడ ఆయన కంచంలో ఇంకాస్త వడ్డించింది.

సోమవారం పొద్దున్న అక్క కత్తెరా, టేపూ, సూదుల డబ్బీ సంచిలో వేసుకుని వరండాలోకొచ్చింది. మాస్టారు అలవాటుగా ముందు నిలబడి చెయ్యి చాచాడు.

"నువ్వు పక్కకి తప్పుకో," అందావిడ.

తప్పుకున్నాడు. ఆవిడ గడప దిగింది. అక్కడ పడుకున్న కాలిబాట మెల్లగా కదిలి, మాస్టారి కాళ్ళ పక్కనుంచి వెళ్ళి, ఆవిడ మడమల వెనక చేరింది. సరిగ్గా ఆ వేళకే పంపు షెడ్డు పక్కన గడ్డి మూసుకుపోయిందని వాచ్‌మన్ తర్వాత చెప్పాడు. దాని మొదలు ఇప్పుడు ఇంటి గడప దగ్గరుంది.

ఆవిడ గేటు తీసింది. మాస్టారి కుడికాలు నేల మీద లేని బ్రేకుని గట్టిగా నొక్కింది. ఆవిడ ఒక అడుగు బయట పెట్టి వెనక్కి చూసింది. మడమల దగ్గర్నుంచి మట్టి బాట తిన్నగా వెళ్ళి గడపని తాకుతోంది. గడప మీద మరదలు చీపురు పట్టుకుని నిలబడి ఉంది. ఇంకాస్త దూరం నడిచి మళ్ళీ చూసింది. ఇల్లు ఉంది. తవ్విన చోట గుంట మీద వేసిన చెక్క ఎక్కి, దిగి, మళ్ళీ చూసింది. ఉంది. వీధి మలుపు దగ్గర ఇంకోసారి చూసి, అటు తిరిగిపోయింది. కాలిబాట కూడా ఆవిడ వెనకే మలుపు తిరిగింది.

ఆ రోజు మాస్టారి దగ్గర కారు నేర్చుకున్నవాళ్ళ గతి పగవాళ్ళకి కూడా వద్దు. సాయంత్రం పెందలాడే ఇంటికొచ్చి, కారు తాళాలు పట్టుకుని గేటు దగ్గర పచార్లు చేశాడు. నువ్వెళ్ళి తెస్తే నీకూ నాకూ మాటల్లేవంది భార్య. ఎప్పుడూ 'మీరు' అనే మనిషి.

వెలుతురుండగానే అక్క వచ్చింది, ఒంటరిగా, మట్టి అంటిన చెప్పులతో. ఆవిడ ఒక్కో అడుగూ వేస్తుంటే కాలిబాట వెనకనుంచి చాపలా చుట్టుకుంటూ వచ్చింది. రాగానే విసుక్కుంది. సూదులన్నీ తుప్పు పట్టించేశారట, మిషను బెల్టు ఎలకలు కొరికేశాయట, పిల్లలు నేర్పిందంతా మర్చిపోయారట. రేపు తొందరగా వెళ్ళాలి, చాలా పనుందంది. మాస్టారికి ఏడుపొచ్చింది. అది కనబడకుండా ఇంతాలస్యమేంటని కసిరాడు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఒక్కడే మిల్లు వెనక పార్కుకి నడిచాడు. పంపు షెడ్డు పక్కన మోకాలెత్తు గడ్డి. తిరిగొస్తూ పదేపదే వెనక్కి చూసుకున్నాడు. సిమెంటు రోడ్డు తప్ప ఏమీ లేదు. ఒళ్ళు మండిపోయింది. ఊరంతా తిరిగి, తిట్లు తిని, కనిపెట్టింది తను. అలా సణుక్కుంటూనే గేటు తీసేసరికి అక్క సంచి భుజానికి తగిలించుకుని బయల్దేరుతోంది.

మాస్టారు కాసేపు గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా, నీ వెనక నేనూ రావచ్చా?"

అక్క ఆలోచించింది.

"రా. కాని దారిలో నోరు మెదపకూడదు."

మాస్టారు పక్కకి జరిగి ఆవిణ్ణి ముందు వెళ్ళనిచ్చాడు. తర్వాత నోరు మూసుకుని, ఆవిడ వెనక ఆ మట్టిలో అడుగు పెట్టాడు.