పంకాలు ఆగిన మధ్యాహ్నం

గయ్యాళి తన్నలేదు. పొదుగు మీద చెయ్యి పడితే చాలు, బకెట్ ఎగిరిపడేలా తన్నే ఆవు అది. ఇవాళ పెద్దామె డొక్క తట్టినా కదల్లేదు. నాలుక వేలాడేసి, చొంగ కారుస్తూ నిలబడే రొప్పుతోంది. అసలే అది నిండు చూలుతో ఉంది.

పొద్దుననగా పోయిన కరెంటు ఇంకా రాలేదు. కొట్టంలో పంకాలన్నీ ఆగిపోయాయి. రేకుల కప్పు కింద గాలి చచ్చిపోయినట్టుంది. మిగతా ఆవులు మేతకేసి కన్నెత్తి చూడలేదు, ఒక్కటీ పడుకోలేదు.

మరిది ట్యాంకులో మిగిలిన నీళ్లు గొట్టంతో కొడుతున్నాడు.

"ఎంత తడిపినా ఆయాసం తగ్గట్లేదొదినా. పైగా ఎక్కువవుతోంది."

"గాలాడకుండా తడిపితే ఆవిరే కదా! మన చేతులతో మనమే ఉడకబెడుతున్నాం. ఆపెయ్. ముందు ఆ గాలివైపు గోడ రేకులు పీకు."

"మొన్న చలికాలం చేతులు బొబ్బలెక్కేలా బిగించింది నేనే!"

"నువ్వు పీకుతావా, నన్ను పీకమంటావా?"

రేకులు పెనంలా కాలుతున్నాయి. చేతులకు గోనెపట్టాలు చుట్టుకుని ఇద్దరూ గడ్డపారతో పెకలించారు. సగం గోడ ఊడిందో లేదో, వెనక దబ్బుమని చప్పుడైంది. గయ్యాళి కూలబడింది.

పశువుల డాక్టరు ఫోనెత్తాడు. "ఎక్కడ చూసినా ఇదే గోలమ్మా, ఇప్పుడు రాలేను. దాన్ని లేపకండి. తలా మెడా తడుపుతూ విసురుతూనే ఉండండి."

చేతిపంపు కొట్టి తెచ్చిన నీళ్లు ఆమె పోస్తుంటే, మరిది అట్టముక్కతో విసిరాడు.

"చచ్చిపోతుందా ఒదినా?"

"నోర్ముయ్!" అని కసిరి, ఆమె ఇంకో చెంబు నీళ్లు దాని మెడ మీద పోసింది. ఆ మాటే తన నాలుక చివర కూడా ఉంది మరి.

పొద్దు వాలాక ఊడిన గోడలోంచి గాలి తిరిగింది. కాసేపటికి కరెంటూ వచ్చింది. గయ్యాళి తూలుతూ లేచింది. మిగతావి ఒక్కొక్కటే పడుకున్నాయి. హమ్మయ్య అనుకుంది పెద్దామె.

మర్నాడు గయ్యాళి ఈనింది. దూడలో ఊపిరి లేదు. తల్లి దాన్ని నాకుతూనే ఉంది, ఎంతకీ వదల్లేదు. పెద్దామె అటు చూడలేక బయటికొచ్చేసింది.

మరిది రేకులు పోగేస్తూ అడిగాడు, "మళ్లీ బిగించెయ్యనా?"

"వద్దు. ఆ రెండో గోడా తీసెయ్," అందామె. "ఎండాకాలం ఇంకా మొదలేరా."