లెక్క తప్పిన గులాబీ

ఆ ఊరి ఆడపిల్లలు పూలు కుట్టిన తెల్ల గౌన్లు వేసుకుని, వట్టి కాళ్ళతో, బ్యాటుతో బంతి కొట్టే సాఫ్ట్‌బాల్ ఆట ఆడతారు. తలకు హెల్మెట్ పెడితే గౌను అందం పోతుందని అప్పట్లో ఎవరూ పెట్టుకునేవారు కాదు.

ఫైనల్‌కు వారం ముందు, ఎలూతెరియా అవ్వ తన మనవరాలు నెల్మీ కుట్టిన గౌను చూస్తోంది. పోగులు లెక్కపెట్టి కుట్టే కుట్టు అది. గులాబీ దగ్గర అవ్వ వేలు ఆగింది. ఒక రేకుకు ఎనిమిది కుట్లు, పక్క రేకుకు ఆరు, ఆ పక్కదానికి పదకొండు.

"ఏమే, ఇది పువ్వా, కోడి కెలికిన చెత్తా?"

"దారం మంచిది కాదవ్వా."

"తొమ్మిదో ఏటే కళ్ళు మూసుకుని కుట్టావు. దారం మీదికి నెట్టకు."

నెల్మీ కళ్ళు నిండాయి. "లెక్క నిలవట్లేదవ్వా. ఎండ చూస్తే తల పగిలిపోతోంది. ఎవరికీ చెప్పకు, ఫైనల్ ఆడాలి."

రెండు నెలల కిందట బంతి కణతకు తగిలి పడిపోయింది పిల్ల. లేచి ఆడితే అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది అవ్వే. పదిరోజులకు ఇంకో బంతి. రక్తం రాలేదు కదా అనుకున్నారు.

గులాబీ చూసిన మర్నాడే అవ్వ నెల్మీని పట్నం తీసుకెళ్ళింది. "లోపల మెదడు అదిరింది. మొదటిది మానకముందే రెండోది," అంది డాక్టరమ్మ. "చాలావరకు తగ్గుతుంది. కొంత మిగిలిపోవచ్చు. ఆట మాత్రం వద్దు."

ఆట నేర్పే క్లెతో అనే అతను పరుగున వచ్చాడు. "ఒక్క ఆట అవ్వా! నెల్మీ లేకపోతే పక్కూరోళ్ళు మనల్ని నమిలేస్తారు."

"నమలనీ నాయనా. రేపు ఇది తన బిడ్డ పేరు మరిచిపోతే, నీ కప్పులో వెతుక్కుంటుందా?"

క్లెతో టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

నెల్మీ లేకుండా ఆడి ఫైనల్ ఓడిపోయారు. ఆ ఏడే హెల్మెట్లు వచ్చాయి. "కుండ బోర్లించుకున్నట్టుంది," అని పిల్లలు మూతి ముడిచారు. అవ్వ వాటికి గులాబీలు కుట్టిన గుడ్డ తొడిగింది. అంతే, నాకంటే నాకని ఎగబడ్డారు.

నెల్మీ ఇప్పుడు నీడన కూర్చుని ఆట చూస్తుంది. ఎండ ఇంకా పడదు. కుట్టేటప్పుడు ఐదు కుట్లకొక మొక్కజొన్న గింజ పక్కన పెట్టుకుంటుంది. పువ్వు నిదానంగానే వస్తుంది, కానీ పువ్వులాగే వస్తుంది. అవ్వకు అది చాలు.

మొన్న ఒక చిన్నదానికి హెల్మెట్ మీదే బంతి గట్టిగా తగిలింది. నెల్మీ లేచి మైదానంలోకి నడిచింది.

"నాకేం కాలేదక్కా, ఆడతా!"

"నేనూ అదే అన్నానే," అంటూ చెయ్యి పట్టుకుని నీడలోకి తెచ్చింది. ఈసారి అవ్వ చప్పట్లు కొట్టింది అలా ఆపినందుకే.

అమ్మలారా, అయ్యలారా, రక్తం రాకపోయినా తల దెబ్బ దెబ్బే. లేచి ఆడిన పిల్లను మెచ్చుకోకండి, ముందు కూర్చోబెట్టండి.