తడిక అవతల కోడలు

ఆస్పత్రి గదిని చూడంగానే జ్ఞానాంబ తనకంతా అర్థమైపోయిందనుకునింది. గొంతులో గడ్డ కోసి తీసినాక, మిగిలిన రోగాన్ని చంపేదానికి ఏదో మందు మింగించి, తిరుపతిలో ఆ గదిలో ఒంటిగా పెట్టినారు. తలుపు నిండా సీసమంట, తోస్తే కదలదు. నర్సమ్మ కంచాన్ని స్టూలు మీద పెట్టి గబగబా బయటికి పోతావుంటే ఈమెకు నవ్వొచ్చింది. "ఓసి మీ దుంప తెగ! ఇంత సదువుకోనుండీ మీకూ మైలేనా?"

ఆమెకు మైల కొత్తా? ఏర్పేడు పక్క పల్లెలో, వయసులో ఉండంగా నెలనెలా వసారాలో తడిక అవతల కూర్చున్న మనిషే. తాకగూడదు, తాకించుకోగూడదు. ఇంకేముండాది అందులో!

ఇంటికి పంపే దినం రూపశ్రీ వచ్చింది. ఆస్పత్రిలో రేడియేషన్ సంగతులు చూసే పాప. "కొన్నాళ్లు వేరే గదిలో, అందరికీ ఎడంగా ఉండాలమ్మా. ఇంట్లో చిన్నపిల్లలు గానీ, కడుపుతో ఉన్నవాళ్లు గానీ ఉన్నారా?"

జ్ఞానాంబ కోడలు పవిత్రకు మూడో నెల జరగతా ఉండాది. ముందు రెండుసార్లూ కడుపు నిలవలేదు. ఈసారి నెలలు ముదిరేదాకా బయట ఎవురికీ తెలియగూడదని ఇంటిల్లిపాది నోళ్లూ ఈమే కట్టేసింది. పాడు దిష్టి! ఆస్పత్రంతా కండ్లే గదా!

"ఎవురూ లేరు తల్లీ" అనేసింది. పక్కనున్న కొడుకు మునిచంద్ర తల గోక్కున్నాడు గానీ అమ్మ మాటకు ఎదురు చెప్పలేదు.

ఇంటికొచ్చి మైల భలేగా పాటించింది మహాతల్లి. వసారాకు అడ్డంగా వెదురు తడిక కట్టించింది. కంచం వేరే, చెంబు వేరే. పవిత్ర అన్నం పెట్టి పక్కకు పోతేగానీ చెయ్యి చాచదు. కానీ మనిషన్నాక మాట కావల్ల కదా! మధ్యాహ్నమైతే పవిత్ర తడికకు వీపు ఆనించి ఆపక్క కూర్చుంటుంది, ఈపక్క ఈమె. బిడ్డకు ఏం పేరు పెట్టాలని ఒకటే కొట్లాట, ఒకటే నవ్వులు.

అట్లా నవ్వుకుంటా ఉండంగానే ఫోను మోగింది. జ్ఞానాంబ స్పీకరు పెట్టింది. రూపశ్రీ.

"ఎట్లున్నారమ్మా? పక్కన ఎవరో నవ్వుతున్నారే?"

"మా కోడలు పాపా. తడిక అవతల ఉండాదిలే. కడుపుతో ఉండే పిల్లను తాకుతానా ఏంది!"

నోరు జారిపోయింది.

"కడుపుతోనా? ఆ రోజు లేరన్నారు కదమ్మా!" రూపశ్రీ గొంతు పెంచింది. "తాకకపోతే చాలదమ్మా. మీరు మింగిన మందు ఒంట్లోంచి ఇంకా కిరణాలు విడుస్తోంది. కిరణాల్లో రకాలున్నాయి. ఒకటి కాగితం అడ్డం పెడితే ఆగిపోతుంది. అది మీ మందులో లేదు. ఇంకోటి పలచని రేకుకే ఆగుతుంది. అది మీ మందులో ఉన్నా మీ కండ దాటి రాదు. మూడోది గామా. అది మీ ఒళ్లు దాటి వస్తుంది, దానికి తడిక ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. మట్టిగోడైనా కొంతే ఆపుతుంది. అందుకే మీ గదికి అంత సీసం పెట్టింది. ఇంట్లో సీసం ఉండదు కాబట్టి దూరమే గోడ. ముందు ఆమెకు దూరం జరగండి!"

జ్ఞానాంబ ఫోనును రెండు చేతులా పట్టుకునింది. "బిడ్డకేమన్నా అవుతాదా తల్లీ?"

"ఎంత తగిలిందో చూడకుండా చెప్పలేనమ్మా. రేపే ఆమెను తీసుకురమ్మని మీ అబ్బాయికి చెప్పండి."

జ్ఞానాంబ తడిక దిక్కు చూసింది. వెదురు బద్దల సందుల్లో కోడలి జడ కనిపిస్తా ఉండాది. అయ్యో దేవుడా! ఎవురి కండ్లో పడతాయని దాచిపెడితే, తన ఒళ్లే పక్కన కూర్చుని ఆ బిడ్డ మీద పడిందే! నోరారా లేరని చెప్పిన పాపిష్టిదాన్ని నేనే గదా!

దిగ్గున లేచి, పెరటి వాకిలి తోసుకుని మామిడితోటలోకి పరుగందుకునింది.

"అత్తా! వట్టికాళ్లతో ఎండలో యాడికి పోతావు? నిలబడు!" పవిత్ర చెప్పులు చేతబట్టుకుని వెనకాలే వచ్చేసింది.

"రావద్దే! నా దగ్గరికి రావద్దు!"

ఆ పిల్ల వింటేనా! ఏడుస్తానే అడుగులు వేస్తా ఉండాది. జ్ఞానాంబ వంగి మట్టిపెళ్ల తీసింది. కోడలిని ఏనాడూ ఒక్క దెబ్బ వేసి ఎరగని మనిషి, ఆ పెళ్లను ఆమె కాళ్ల ముందర పగిలేటట్టు విసిరికొట్టింది.

పవిత్ర కొయ్యబారిపోయింది. చెప్పులు జారిపోయినాయి. రెండు చేతులూ కడుపు మీదికి పోయినాయి.

"ఆడే ఉండు నా తల్లీ," అని వలవలా ఏడుస్తా, జ్ఞానాంబ ఇంకో పెళ్ల తీసి పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచింది.