ఎడారిలోనైనా నీళ్ళు

పైపుల మాష్టారు వాదనకు దిగితే ఎదుటివాడు బతికి బట్టకట్టడం కష్టం. వారమంతా జనాల ఇళ్ళల్లో కుళాయిలు బిగించి, ట్యాంకులు కడిగి, లీకులు కట్టే మనిషే. ఆదివారం వచ్చిందంటే మాత్రం చేతులు రుద్ది రుద్ది కడుక్కుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, గోడౌనులో పదిమందికి సత్యోపదేశం, అంటే కతోలిక మతపాఠాలు, చెప్పేవాడు. పైపులూ పాఠాలూ రెండూ ఆయనవే కాబట్టి ఆ పేరే స్థిరపడిపోయింది.

గోడౌనంటే నిజంగానే గోడౌను. ఒకప్పుడు అందులో టైర్లు నిలవ చేసేవారు. ఎంత సాంబ్రాణి వేసినా రబ్బరు వాసన పోయేది కాదు. మెయిన్ రోడ్డు మీద అంత పెద్ద గుడి ఉండగా వీళ్ళకిదేం ఖర్మ అంటారా? ఆ గుళ్ళో పాత లాటిన్ పూజ ఎత్తేశారు. అది చాలదన్నట్టు, ఏ మతంవాడైనా మంచివాడైతే మోక్షానికి పోతాడని కొత్త ఫాదరుగారు ప్రసంగంలో సెలవిచ్చారు. కతోలిక తిరుసభ వెలుపల ఉన్నవాళ్ళకి రక్షణ లేదని తాతల నాటి నుంచీ వింటున్న మాటని ఇంత పలచన చేస్తారా అని మాష్టారూ, రిటైరైన రైల్వే గార్డూ లేచి బయటికి నడిచారు. వాళ్ళ వెనక మరికొందరు నడిచారు. ఎక్కడెక్కడో వెతికి లాటిన్ వచ్చిన ముసలి ఫాదరుగారిని తెచ్చుకున్నారు. గోడౌను వెనక ఖాళీ స్థలానికి గోడ కట్టి సమాధుల తోట చేసుకున్నారు. చుట్టరికమేమీ లేకపోయినా అప్పట్లో మాష్టారూ గార్డూ ఒకరినొకరు నోరారా బావా అని పిలుచుకునేవారు.

బయటికొచ్చినవాళ్ళు ఊరుకుంటారా? వాళ్ళలో వాళ్ళకి తగువు పడింది. జ్ఞానస్నానం కావాలని మనసారా కోరుకున్నవాడు, తీరా తల మీద నీళ్ళు పడకముందే పోతే వాడి గతేమిటి? ఆశపడ్డాడు కాబట్టి ఆ ఆశే జ్ఞానస్నానమన్నాడు గార్డు. నీళ్ళు పడాల్సిందేనన్నాడు మాష్టారు. బయటివాళ్ళకి నవ్వొస్తే రావచ్చు గానీ, చచ్చాక ఎక్కడుంటామన్నది నిజంగా నమ్మేవాళ్ళకి అంతకన్నా పెద్ద సంగతి ఏముంటుంది? చివరికి గార్డు తన పక్షంవాళ్ళని వెంటేసుకుని టైలరింగ్ షాపు పైనున్న హాల్లోకి మారిపోయి, వేరే ఫాదరుగారిని కుదుర్చుకున్నాడు. బావా పోయి గార్డుగారూ, మాష్టారుగారూ వచ్చాయి. వాదన మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఎవరెంత చెప్పినా మాష్టారు చివర్లో ఒక్క మాట తీసి కొట్టేవాడు. "దేవుడు ఎంచుకున్నవాళ్ళకి ఎడారిలోనైనా నీళ్ళు పంపిస్తాడు. పంపలేదంటే ఎంచుకోలేదనేగా?" ఆ మాటతో గార్డు ఆ పూటకి లేచిపోయేవాడు. ఇంటికొచ్చి మాష్టారు అన్నం తింటూ కూడా అదే మాట చెప్పేవాడు. వడ్డిస్తూ భార్య వినేది. కోడలూ వినేది.

కోడలు మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేసే పిల్ల. కొడుకు ఇష్టపడి రిజిస్టరు పెళ్ళి చేసుకున్నాడు. అన్యమతం పిల్లని తెచ్చాడని మాష్టారు కొన్నాళ్ళు మొహం గంటు పెట్టుకుని తిరిగాడు గానీ, "నేనూ మీ గుడికే వస్తాను మామయ్యా, నేర్పించండి" అని ఆ పిల్ల తనంతట తానే అడిగేసరికి మెత్తబడ్డాడు. అన్ని వందల మాత్రల పేర్లు తలలో పెట్టుకునే మనిషికి సత్యోపదేశం ఒక లెక్కా? ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పేసేది. ఒక్కచోట మాత్రం ఆగిపోయేది.

"తిరుసభ వెలుపల మరణించినవారికి రక్షణ ఉందా?"

"లేదు మామయ్యా."

"మరి మీ అమ్మకి?"

ఆ పిల్ల తల దించుకునేది. "మా అమ్మ నన్ను చంకనేసుకుని నాలుగిళ్ళల్లో పాచిపని చేసి పెంచింది. ఆవిడ నరకంలో ఉందని నా నోటితో అనిపించకండి మామయ్యా. మిగతావన్నీ అంటాను."

"నోటితో అనలేకపోతున్నావంటే మనసులో నమ్మలేదనేగా? ఇంకొన్నాళ్ళు ఆగుదాం. తొందరేముంది?"

"ఏమండీ, ఆ పిల్లని అలా కాల్చుకు తింటారెందుకు? పెళ్ళి చేసుకుని మన మతంలోకి వచ్చినవాళ్ళంతా వాళ్ళమ్మల గురించి అలా అనే వచ్చారా?" అనేది భార్య.

"నీకు తెలీదు. నువ్వూరుకో" అనేవాడు మాష్టారు. నిజానికి కోడలంటే ఆయనకి ప్రాణం. సగం సగం నమ్మకంతో కాకుండా పూర్తిగా రావాలని పట్టుబట్టింది ఆ ప్రేమతోనే. అలా జ్ఞానస్నానాలిచ్చే ఒక పండుగ పూజ దాటిపోయింది, ఇంకోటి కూడా దాటిపోయింది.

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఆడవాళ్ళిద్దరూ బజారుకి వెళ్ళినప్పుడు వంటింటి సింకు కింద పైపు మలుపు చెమరుస్తోందని మాష్టారు పని పెట్టుకున్నాడు. మేడ మీద గేట్ వాల్వు కట్టేసి, లైన్లో ఉన్న నీళ్ళన్నీ వదిలేసి, మలుపులోని పాత ఎల్బో కోసి, కొత్తదానికి అతికించే సొల్యూషన్ రాసి బిగించాడు. అది ఆరేదాకా నీళ్ళు వదలకూడదు. అంతలో గార్డు ఫోను చేశాడు. "మాష్టారుగారూ, మావాళ్ళంతా హాల్లో ఉన్నారు. దమ్ముంటే రండి, ఇవాళ తాడోపేడో తేల్చేసుకుందాం." ఇంకేముంది, కొంపలు మునిగినట్టు చొక్కా తగిలించుకుని పరుగెత్తాడు. నీళ్ళు కట్టేశానని ఇంట్లోవాళ్ళకి ఒక్క మాట చెప్పి పోవాలన్న ధ్యాస కూడా లేదు. పొద్దుగూకేదాకా, నీళ్ళు లేనిదే ఎవరికీ మోక్షం లేదని గొంతు బొంగురుపోయేలా వాదించి, గెలిచానన్న సంతోషంతో తిరిగొచ్చి, వాల్వు తిప్పేసి భోజనానికి కూర్చున్నాడు. ఆ సంగతి మళ్ళీ గుర్తు రాలేదు.

ఆ తర్వాత కొద్దిరోజులకే కోడలు పోయింది. షాపు నుంచి స్కూటరు మీద ఇంటికొస్తుంటే మలుపులో లారీ కొట్టింది. అక్కడికక్కడే ప్రాణం పోయింది. చెంబెడు నీళ్ళతో పరుగెత్తి వెళ్ళే వ్యవధి కూడా ఎవరికీ దొరకలేదు.

ముందుగదిలో ఆమెని పడుకోబెట్టారు. కొడుకు ఆమె చెయ్యి పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. ఏడ్చి ఏడ్చి గొంతు పోయింది. "నాన్నా, మన తోటలో పెడదాం. నేను పోయాక నన్నూ పక్కనే పెడతారు" అన్నాడు.

జ్ఞానస్నానం పొందనివాళ్ళకి ఆ గోడ లోపల చోటు లేదన్న నియమం పెట్టింది ఇంకెవరో కాదు, మాష్టారే. అదీ గార్డుతో పంతానికి పోయి మరీ పెట్టించాడు. వాళ్ళని మునిసిపాలిటీ శ్మశానంలో ప్రార్థన లేకుండా పూడ్చాల్సిందే.

ముసలి ఫాదరుగారు కుర్చీలో కూర్చుని నెమ్మదిగా అన్నారు. "మాష్టారూ, నియమం మీది. పాఠం చెప్పిందీ మీరే. ఏం చెయ్యమంటారో మీరే చెప్పండి."

"పూజ లేకపోతే పోనీ నాన్నా" అన్నాడు కొడుకు. "తను మోక్షంలో ఉందా లేదా? అదొక్కటీ చెప్పు. ఊళ్ళోవాళ్ళందరికీ చెప్తావు కదా, నాకు చెప్పు."

మాష్టారి దగ్గర జవాబు ఒకటే ఉంది. లేదు అనాలి. తను నమ్మింది అదే. ఆ మాట కొడుకు మొహం మీద ఎలా అంటాడు?

అంతలో గుమ్మంలో చెప్పులు విడిచి గార్డు లోపలికొచ్చాడు. శవానికి దణ్ణం పెట్టి మాష్టారి పక్కకొచ్చి, ఎవరికీ వినపడకుండా అన్నాడు. "మాష్టారుగారూ, గొడవలన్నీ పక్కన పెట్టండి. ఈ పిల్లకి ఆశ ఉందని మీకూ తెలుసు, నాకూ తెలుసు. మా ఫాదరుగారితో పూజ చేయిస్తాను, సమాధి దగ్గర ప్రార్థన నేను చదివిస్తాను. ఆశ చాలని మీ నోటితో ఒక్కసారి అనండి."

అంటే ఏం పోయింది? ఆ క్షణంలో అలా అనగలిగితే బాగుండునని మాష్టారికీ అనిపించింది. కానీ నమ్మని మాట శవం ముందు అనడానికి నాలుక తిరగలేదు. నోటితో అనలేనని కోడలు తనతో ఎన్నిసార్లు చెప్పుకుందో అప్పుడు గుర్తొచ్చింది.

అప్పుడు వంటింటి గుమ్మం దగ్గర్నుంచి భార్య మాట్లాడింది.

"పిల్లకి జ్ఞానస్నానం అయింది."

అందరూ తలలు తిప్పారు.

"నేనే పోశాను" అంది ఆవిడ, ఫాదరుగారి వంక చూస్తూ. "ఈయన గార్డుగారి హాలుకి వాదనకెళ్ళిన రోజు, మధ్యాహ్నం. నాకెందుకో భయంగా ఉంది అత్తయ్యా, నీళ్ళు నువ్వే పొయ్యి, అంది. సింకు మీద తల వంచింది. కుళాయి తిప్పి, గిన్నెతో పట్టి, పిత, పుత్ర, పరిశుద్ధాత్మల పేరు చెప్పి మూడుసార్లు పోశాను. ఈయన తిడతారని చెప్పలేదు."

కొడుకు చెయ్యి వదిలి లేచి, వెళ్ళి తల్లి కాళ్ళు చుట్టేసుకున్నాడు. "బతికించావమ్మా" అన్నాడు.

మాష్టారు భార్య వెనకనున్న సింకు వంక చూశాడు. ఆ మధ్యాహ్నం వాల్వు కట్టి ఉంది. లైన్లో చుక్క లేదు. ఎల్బోకి సొల్యూషన్ ఆరుతోంది. ఆ కుళాయిలో ఆ పూట నీళ్ళు వచ్చే ప్రసక్తే లేదు. ఆ సంగతి ఈ లోకంలో తెలిసినవాడు తనొక్కడే.

ఫాదరుగారు ఆయన వంక తిరిగారు. "స్నానం ఎవరు పోసినా చెల్లుతుంది, నీళ్ళూ మాటలూ సరిగా ఉంటే. మాష్టారూ, మీ ఇంటావిడ మాట నమ్మొచ్చా?"

భార్య ఆయన్నే చూస్తోంది. ఆ చూపులో బతిమాలడం లేదు. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ అలా చూడటం ఆయనెప్పుడూ చూడలేదు.

"నమ్మొచ్చు" అన్నాడు మాష్టారు.

గోడ లోపలే పెట్టారు. ఫాదరుగారు లాటిన్లో ప్రార్థనలన్నీ చదివారు, పవిత్ర జలం చల్లారు. మట్టి వేశాక కొడుకు వచ్చి తండ్రి భుజం మీద తలపెట్టి, "తను మోక్షంలోనే ఉంది కదా నాన్నా" అన్నాడు. "ఉందిరా" అన్నాడు మాష్టారు. దాంతో పిల్లవాడికి కాస్త ఊపిరాడింది. రెండు రోజుల తర్వాత మొదటిసారి ఇంత ముద్ద తిని నిద్రపోయాడు.

మాష్టారికి మాత్రం ముద్ద దిగలేదు. శవం ముందు అబద్ధమాడిన పాపం ఒకటి ఉండనే ఉంది. అది ఒప్పుకుంటే పోతుంది. కానీ ఫాదరుగారిని మోసం చెయ్యొచ్చు, గోడని మోసం చెయ్యొచ్చు, పైవాడిని ఎలా మోసం చేస్తాడు? తను నమ్మిందే నిజమైతే, అక్కడ మట్టి కింద ఎన్ని ప్రార్థనలు చదివినా పిల్ల బయటే ఉంది.

భార్య వంటింట్లో గిన్నెలు తోముతుంటే వెళ్ళి గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

"ఆ రోజు కుళాయి రాలేదు" అన్నాడు.

ఆవిడ చేతిలో గిన్నె కింద పెట్టింది. "రాలేదు."

"నేనే వాల్వు కట్టేసి వెళ్ళాను."

"మీరా?" ఆవిడ గిర్రున తిరిగింది. "మీరు కట్టేశారా?"

"మరి నువ్వు..."

"అడిగింది మాత్రం నిజం. సింకు మీద తల వంచిందీ నిజమే. జుట్టు కూడా విప్పుకుంది. నేను గిన్నె పట్టుకుని కుళాయి తిప్పాను. రాలేదు. మళ్ళీ తిప్పాను. గాలి వచ్చింది."

"బిందెలో నీళ్ళుంటాయి కదే!" అన్నాడు మాష్టారు. అది అరుపో ఏడుపో ఆయనకే తెలీలేదు.

"బిందె నిండా ఉన్నాయి. అందుకో అత్తయ్యా అంది కూడా." ఆవిడ కొంగుతో నోరు నొక్కుకుంది. "నాకే చేతులు రాలేదు. దేవుడు ఎంచుకున్నవాళ్ళకి ఎడారిలోనైనా నీళ్ళు పంపిస్తాడని రోజూ అన్నం ముందు చెప్తారే మీరు! పైపుల మాష్టారి ఇంట్లో కుళాయి రాకపోవడమేమిటి? సరిగ్గా అప్పుడే రాకపోవడమేమిటి? ఆయనకే ఇష్టం లేదు కాబోలు, నేను దొంగతనంగా పోస్తే ఇంకేం మూడుతుందో అని భయమేసింది. ఇవాళ వద్దులే తల్లీ అన్నాను. ఆ పిచ్చిది నవ్వింది. నా వంతు ఇంకా రాలేదేమోలే అత్తయ్యా అని జుట్టు ముడేసుకుని డ్యూటీకెళ్ళింది."

మాష్టారు గుమ్మంలోనే కింద కూర్చున్నాడు. ఆవిడ ఆయన్ని లేపలేదు. తిట్టనూ లేదు. మిగిలిన గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

మర్నాడు సాయంత్రం గార్డు ఇంటి తలుపు చప్పుడైంది. తీసి చూస్తే మాష్టారు. గడ్డం మాసిపోయి, చొక్కా గుండీలు తప్పుగా పెట్టుకుని ఉన్నాడు.

"బావా" అన్నాడు.

ఆ పిలుపు విని ఎన్నేళ్ళయిందో. గార్డు కంగారుగా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళి మంచం మీద కూర్చోబెట్టాడు.

"నీ వాదన ఇంకోసారి చెప్పు బావా. మొదట్నుంచీ చెప్పు."

గార్డుకి అర్థం కాలేదు గానీ మొదలుపెట్టాడు. "ప్రభువు పక్కన సిలువ మీద చచ్చిన దొంగకి ఎవరు నీళ్ళు పోశారు బావా? అయినా పరలోకం దొరికిందిగా?" జ్ఞానస్నానపు నియమం ప్రకటించకముందు సంగతి అది, దీనికి వర్తించదు అన్న జవాబు మాష్టారికి లోపల్నుంచి తన్నుకొచ్చింది. పళ్ళు బిగబట్టి మింగాడు.

"స్నానం కాకముందే విశ్వాసం కోసం తలలు ఇచ్చిన వేదసాక్షులున్నారు. వాళ్ళ మాటేమిటి?" అన్నాడు గార్డు. ఎవరూ చూడకుండా ఎవరో ఒకరు నీళ్ళు పోసే ఉంటారు. మాష్టారు వందసార్లు చెప్పిన జవాబే. ఈసారి అది లోపలే ముల్లులా గుచ్చుకుంది.

"అసలు దేవుడు నీళ్ళకి కట్టుబడి ఉన్నాడా బావా? ఆయన తల్చుకుంటే..." గార్డు సగంలో ఆగిపోయాడు. "ఏంటి బావా, ఇవాళ ఎదురు చెప్పవేం? ఒంట్లో బాగోలేదా?"

"ఎదురు చెప్పడానికి రాలేదు బావా." మాష్టారు రెండు చేతులూ జోడించాడు. "ఓడిపోదామని వచ్చాను. నీకు పుణ్యముంటుంది, నన్ను ఓడించు."

గార్డు కళ్ళు తుడుచుకుని, తనకి తెలిసిందంతా, పెద్దలు చెప్పిందంతా, పాత పుస్తకాల్లో చదివిందంతా కూడబలుక్కుని చెప్పాడు. ఎప్పుడూ అంత బాగా చెప్పలేదు. మాష్టారు చిన్నపిల్లాడిలా ఆయన నోటి వంకే చూస్తూ ప్రతి మాటా విన్నాడు. ప్రతి మాటకీ జవాబు లోపల సిద్ధంగా ఉంది. అన్నీ తను తయారుచేసుకున్నవే, ఒక్కటీ వదులు కాలేదు.

"ఇంకోసారి చెప్పు బావా" అన్నాడు.