నా పేరు మీది అర్జీ

శనివారం సాయంత్రం హాల్లో నేల మీద కూర్చుని పెట్టె సర్దుతున్నాను. లాస్‌వేగస్‌లో ఉన్న మా ఫిలిప్పీన్స్ వాళ్ళలో ఇంటికి పెట్టె పంపని మనిషి ఉండడు. నా నడుం ఎత్తు అట్టపెట్టె, ఓడ ఎక్కి రెండు నెలలకి మా అత్తగారుండే ఇలోయిలో ఊరికి చేరుతుంది. బరువు చూడరు కాబట్టి అందులో ఖాళీ వదలడం మా దృష్టిలో పాపం. డబ్బా మాంసం డబ్బాల చుట్టూ తువ్వాళ్ళు చుట్టాలి, బూట్లలో కాఫీ సీసాలు దూర్చాలి, మూలల్లో సబ్బులు కుక్కాలి. పదకొండేళ్ళ కాపురంలో నేను సర్దిన పెట్టెలు నిలువునా పేరిస్తే మా అత్తగారి ఇల్లంత ఎత్తు అవుతుంది. ఒక్క దాంట్లోనూ నా పుట్టింటికి ఒక మూల కూడా మిగల్లేదు.

సోఫా మీద ఫోను స్పీకర్లో ఉంది. అవతల మా ఆయన రొహేలియో. అక్కడ, ఫిలిప్పీన్స్‌లో వాళ్ళమ్మ ఇంట్లో, ఆదివారం పొద్దున్న.

"సంతకం పెట్టి పంపేశావా దివీ?"

"ఇంకా లేదు."

"ఒక్క సంతకానికి ఇన్ని వారాలా? నేనైతే ఈపాటికి..."

ఆయనైతే ఈపాటికి ఏం చేసేవాడో చెప్పలేదు. పదకొండేళ్ళలో ఆయన ఏ ఫారమూ నింపలేదు. నింపిన ఫారం చదవనూ లేదు. వేలు పెట్టి చూపిస్తే ఆ వేలి కింద సంతకం పెట్టేవాడు, పెడుతూ టీవీ చూసేవాడు. ఆయన గడిచిన అయిదేళ్ళలో ఏ ఇంట్లో ఏ నెల నుంచి ఏ నెల దాకా ఉన్నాడు, ఆయన తల్లి పెళ్ళికి ముందు ఇంటిపేరేమిటి, చిన్నప్పుడు ఏ టీకాలు పడ్డాయి, అన్నీ నాకు నోటికొచ్చు. ఆయన పాస్‌పోర్టు నంబరు నిద్రలో అడిగినా చెప్తాను. నాది మాత్రం ఇప్పటికీ తీసి చూసుకోవాలి. ఇన్ని చేసినా "అయిందా? ఇంకా కాలేదా?" అని అడిగేది ఆయనే, సంజాయిషీ చెప్పేది నేనే. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ అని ఊరికే అనలేదు.

గ్రీన్‌కార్డు అర్జీ నాది. నేనిక్కడ మాటలు రాని, చేతులు సరిగ్గా మాట వినని పిల్లల తరగతికి టీచర్ని. బడివాళ్ళు నా కోసం వేసిన కాగితం ఎప్పుడో మంజూరయింది. దాని మీద మేమిద్దరం ఇక్కడే కార్డుకి పెట్టుకుని మూడేళ్ళయింది. ఆ కాగితాల్లో నేను ముఖ్య అర్జీదారుని, ఆయన నా మీద ఆధారపడినవాడు. ఆ మాటకి అర్థం చెప్పిన రోజు రొహేలియో పెద్దగా నవ్వాడు. తర్వాత రెండు రోజులు అన్నం దగ్గర నాతో మాట్లాడలేదు. పెళ్ళైన కొత్తలో మా అత్తగారు చుట్టాల ముందు అన్న మాట గుర్తొచ్చింది. "చదువుకున్న కోడలైతే మంచిదేలే. గిన్నె మీద మాడు కూడా చదివి తోముతుందేమో చూద్దాం." అప్పుడు అందరితో పాటు నేనూ నవ్వాను. ఎందుకు నవ్వానో నాకే తెలీదు.

పోయినేడు ఆగస్టులో రొహేలియో వాళ్ళ ఊళ్ళో సాన్ రోకే అనే పునీతుడి పండగకి ఆయన్ని పెద్దగా ఎన్నుకున్నారు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు నిలబడాలి. బ్యాండు మేళం, కాల్చిన పందులు, పల్లకీకి పూలు, ఊరందరికీ భోజనాలు, అన్నీ ఆ పెద్ద చేతుల మీదుగా జరగాలి. హెర్మానో మయోర్ అని పిలుస్తారు. అమెరికాలో ఉన్నవాడు దొరికితే ఊరు ఇంకొకణ్ణి ఎందుకు వెతుక్కుంటుంది? ఇక్కడ హోటల్ లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టే మనిషి, అక్కడ తెల్ల చొక్కా తొడుక్కుని విగ్రహం ముందు నడవాలని ఉవ్విళ్ళూరాడు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత.

"ప్రయాణానికి అనుమతి కాగితం రావాలి, ఆరు వారాలు ఆగు. అది లేకుండా దేశం దాటితే నీ అర్జీ చచ్చినట్టే" అన్నాను.

"సాన్ రోకే నీ కాగితం కోసం ఆగుతాడా?" అన్నాడు.

వెళ్ళాడు. పల్లకీ ముందు నడిచిన ఫొటోలు నూటికి పైగా పంపాడు. అక్టోబరులో ఉత్తరం వచ్చింది, ఆయన అర్జీని వదులుకున్నట్టు లెక్క వేశామని. లాండ్రీ ఉద్యోగం కోసం అర్జీ మీద వచ్చిన పర్మిట్ తీసుకుని, నా వెంట వచ్చిన పాత వీసా ఎప్పుడో వదిలేశాడు కాబట్టి ఇప్పట్లో తిరిగి రావడానికి దారి లేదు. ఆ ఉత్తరం బడి నుంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా, గుమ్మంలోనే చదివాను. ఫోన్ చేసి చెబితే ఆయన మొదటి మాట, "ముందే గట్టిగా చెప్పుంటే ఆగేవాణ్ణి కదా!"

జనవరిలో మా అత్తగారికి పక్షవాతం వచ్చింది. కుడివైపంతా పడిపోయింది. అప్పటి నుంచీ ఈ కొత్త పాట మొదలైంది. నా అర్జీ కూడా ఇక్కణ్ణించి తీసేసి మనీలాలోని అమెరికా ఎంబసీకి మార్పించాలట. నేను ఇలోయిలో ఊరికి వెళ్ళి ఉండాలట. పిలుపొచ్చినప్పుడు ఇద్దరం కలిసి వెళ్ళి, జంటగా వీసాలు తీసుకుని, జంటగా ఇక్కడ విమానం దిగాలట.

మా వకీలు అబ్రేనికా గారు కూడా మా ఫిలిప్పీన్స్ మనిషే. రొట్టెల దుకాణం పక్కన ఆవిడ ఆఫీసు. నెల కిందట ఒక గురువారం ఆవిడ కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టుకుని నన్ను కాసేపు చూసింది.

"మార్చొచ్చమ్మా, మార్చకేం? ఒక ఫారం, ఇక్కడి అర్జీ వెనక్కి తీసుకుంటున్నానని ఒక ఉత్తరం. కానీ ఆ ఉత్తరంతో నీ వర్క్ పర్మిట్ పోతుంది, పర్మిట్‌తో పాటు బడి పోతుంది. మనీలాలో మీ వంతు ఎప్పుడొస్తుందో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. ఏడాదో, మూడేళ్ళో. అన్నాళ్ళూ మీ బడివాళ్ళు నీ కుర్చీ దులిపి పెట్టి ఉంచుతారా?"

"ఉంచరు."

"ఉంచకపోతే ఆ మంజూరు కూడా చెత్తబుట్టలోకే. ఇంకో దారుంది. నీ కార్డు ఇక్కడే రానీ. దగ్గర్లోనే ఉంది. వచ్చాక మీ ఆయన కోసం నువ్వొక ఫారం వేస్తే ఆయన్ని మనీలాలో పిలుస్తారు. నీ వెనకాల ఆయనొస్తాడు."

ఇంటికొచ్చి ఫోన్లో ఈ దారి చెబితే రొహేలియోకి ఎక్కడ లేని కోపం వచ్చింది. "పెళ్ళాం ముందు నడిస్తే వెనకాల తోకలాగా నేనా? ఊరంతా ఏమంటుంది? హెర్మానో మయోర్‌గా నిలబడ్డవాణ్ణి!"

అయినా ఫారం నింపాను. ఇదీ నా సంగతి. వద్దనుకుంటూనే నింపాను, వెనక్కి తీసుకునే ఉత్తరం కూడా టైపు చేశాను. రెండూ ఫ్రిజ్ మీద ఉన్నాయి, సంతకం ఒక్కటే తక్కువ. రోజూ పాలు తీస్తున్నప్పుడు కనబడేవి. మంచం పట్టిన తల్లితో అక్కడ చిక్కుకుపోయిన మొగుడు, భార్యన్నాక అన్నీ సర్దుకోవాలి కదా అనుకునేదాన్ని. అక్కడ ఇంకో బళ్ళో చేరలేనా అనుకునేదాన్ని. నా తరగతిలో ఒక పిల్ల ఏడు నెలలు కష్టపడి మొన్ననే తన చొక్కా గుండీ తనే పెట్టుకుంది. అది చూసి నేను బాత్రూంలోకి వెళ్ళి ఏడ్చాను. ఆ పని వదిలిపెట్టి ఎలా ఉండటం అని ఎవరినీ అడగలేదు, అడిగితే నవ్వుతారని. మా దేశంలో విడాకుల్లేవు. అందుకనో ఏమో, మా ఆడవాళ్ళం దేన్నైనా వదులుకోవాల్సి వస్తే ముందు మమ్మల్ని మేమే వదులుకుంటాం.

"ఇదిగో, చెల్లాయి మాట్లాడుతుందట" అని, సబ్బులు కుక్కుతున్న నాతో చెప్పి రొహేలియో ఫోను ఇచ్చేశాడు. ఆయన చెల్లెలు ఎదెలిన్. అదే ఇంట్లో ఉంటుంది, మొగుడు ఓడల మీద పనిచేస్తాడు.

"వదినా, పెట్టె ఇంకా మూయలేదుగా? లిస్టు పంపాను చూశావా? అమ్మకి డైపర్లు, మంచం మీద పరిచే ప్యాడ్లు ఇంకో నాలుగు కట్టలు ఎక్కువ పెట్టు. రబ్బరు గ్లౌజులు కూడా. చిన్న సైజు."

నేను గ్లౌజుల డబ్బా చేతిలోకి తీసుకున్నాను. పెద్ద సైజు కొన్నాను. ఎదెలిన్ చేతులు పెద్దవి. వాళ్ళింట్లో పన్నెండేళ్ళుగా పనిచేస్తున్న నెనింగ్ చేతులు ఇంకా పెద్దవి.

"చిన్నవి నీకు పట్టవు కదే, ఎదెలిన్?"

"నాకెందుకు వదినా? నేనా కంపు భరించలేను, వాంతొస్తుంది. నీకోసమే. పెట్టె వచ్చేసరికి నువ్వూ వచ్చేస్తావుగా! నెనింగ్‌ని ఈ నెలాఖరుకి మానేయమని చెప్పేశాం. అనవసరంగా ఇద్దరెందుకు? నువ్వైతే చదువుకున్నదానివి, ఇలాంటి పిల్లల్ని చూసి చూసి నీకు అలవాటే."

"నేను వస్తున్నానని ఎవరు చెప్పారు?"

"అన్నయ్యే. సంతకం ఒక్కటే కదా మిగిలింది అన్నాడు. జనవరిలోనే చెప్పాడుగా అమ్మకి, దిగులుపడకే, దివి వచ్చేస్తుంది, ఇంట్లో మనిషే చూసుకుంటుంది అని."

జనవరిలో నాకింకా ఆ ఫారం పేరు కూడా తెలీదు.

ఎదెలిన్ ఇంకా ఏదో మాట్లాడుతూనే ఉంది, చాక్లెట్లు కరగకుండా ఎలా సర్దాలో చెబుతోంది. నాకు కోపం రావాలి, రాలేదు. సిగ్గు వేసింది. జంటగా దిగుదాం అన్న మాటని నేను నమ్మాను. నమ్మడమే కాదు, మగవాడు, పరువుకి పోతున్నాడు, పాపం అని జాలిపడ్డాను కూడా. పరువూ లేదు, పాడూ లేదు. మంచం పక్కన జీతం అడగని మనిషి కావాలి. ఆ మనిషి తన చేత్తో తనే ఉద్యోగం మానుకుని, తన కాగితాలు తనే చింపుకుని, పైగా గ్లౌజులు తనే కొనుక్కుని రావాలి. నెనింగ్‌కైనా నెలకి రెండు ఆదివారాలు సెలవు ఉండేది. పన్నెండేళ్ళు చాకిరీ చేసిన మనిషికి నెలాఖరు అని ఒక్క మాట చెప్పి పంపేస్తున్నారు. నాకు ఆ పాటి మాటైనా చెప్పలేదు.

సోమవారం బడి వదిలాక అబ్రేనికా గారి దగ్గరికి వెళ్ళాను. ఫారం, ఉత్తరం రెండూ బల్ల మీద పెట్టాను.

"సంతకాలేవీ?" అంది ఆవిడ.

"పెట్టను. నా అర్జీ ఇక్కడే ఉండనివ్వండి."

ఆవిడ రెండు కాగితాలూ కత్తిరించే మిషన్లో వేసి, చప్పుడు ఆగేదాకా నిలబడి, మంచినీళ్ళిచ్చింది. తర్వాత అంది, "మీవాళ్ళకి చెప్పేటప్పుడు నా పేరు చెప్పు కావాలంటే. వకీలు ఒప్పుకోలేదని. నాకేం పోయింది? చాలామంది ఆడపిల్లలకి ఆ సాయం చేశాను."

ఆ మాట పట్టుకుందామనే అనుకున్నాను. కారులో కూర్చుని రెండుసార్లు గొణుక్కున్నాను, వకీలు వద్దంది, వకీలు వద్దంది అని. మళ్ళీ నా మీద నాకే చిరాకేసింది. పార్కింగ్‌లోంచే ముందు ఎదెలిన్‌కి మెసేజ్ పెట్టాను, నేను రావడం లేదు, నెనింగ్‌ని ఉండమని చెప్పు అని. నిమిషం తిరక్కుండా రొహేలియో ఫోన్.

"ఏంటే ఈ మెసేజ్? వకీలు ఏమన్నా నూరిపోసిందా?"

"లేదు. నేనే వద్దనుకున్నాను."

"అమ్మ ఏడుస్తోంది ఇక్కడ!"

"నెనింగ్‌ని పిలువు. అత్తయ్యకి ఎటువైపు ఒత్తిగిలితే నొప్పో దానికి తెలుసు. నాకు తెలీదు."

"సొంత అత్తకి చెయ్యవు గానీ ఊళ్ళోవాళ్ళ పిల్లల ముక్కులు తుడుస్తావు."

"అవును. అది నా పని. వాళ్ళు నన్ను టీచర్ అని పిలుస్తారు."

అవతల కోడి కూసింది. తర్వాత ఆయన గొంతు మారింది. ఉత్తరం వచ్చిన రోజు కూడా ఆ గొంతు అంత చిన్నబోలేదు.

"మరి నా సంగతేంటి దివీ?"

జాలేసింది, అబద్ధమెందుకు. పదకొండేళ్ళుగా ఆ ప్రశ్న ఆయన అడగక ముందే నేను జవాబు నింపి, వేలు పెట్టి చూపించిన దాన్ని. ఇప్పుడూ నోటిదాకా వచ్చింది, నేను చూసుకుంటాలే అని.

"నీ కోసం వేయాల్సిన ఫారం కంప్యూటర్లో దొరుకుతుంది రొహేలియో. ఈసారి నువ్వే తెరిచి చదువు. ఆఖరి పేజీలో నేను సంతకం పెట్టాల్సిన చోటు ఒకటుంటుంది. పెడతానో లేదో నేనింకా అనుకోలేదు."