వలీ కంటే జానెడు ఎక్కువ

మా తాండూరు నల్లరేగడిలో కంది ఎంత పొడుగు పెరుగుతుందంటే, పోయిన వానకాలం పెద్దేముల్ దగ్గర బిచ్చయ్య చేనులో దూరిన బర్రె మూడోనాటికి గానీ బయటపడలేదు. అదీ కర్ణాటక పొలిమేరలో, బషీరాబాద్ అవతల తేలింది. అప్పటికే కన్నడంలో అరుస్తోంది.

సరే, బర్రెను వదిలేయండి. బిచ్చయ్యకు అసలు బర్రే లేదు. కంది కూడా అతని నడుము దాకా వచ్చిందంతే. అతని కడుపుమంటకు మాత్రం నేనేమీ కలపనక్కర్లేదు.

గట్టుకు అవతల వలీ చేను. బిచ్చయ్య పొద్దున్నే వచ్చి మొదట చూసేది తన పైరును కాదు, వలీ పైరును. అది పచ్చగా ఉంటే ఆ రోజు అతనికి రొట్టె సయించదు. ఇద్దరి చేలమీదా ఒకే వాన పడినా, వలీ వైపు చినుకులు లావుగా పడ్డాయని అతని అనుమానం. అంతకు ముందటేడు తాండూరు మార్కెట్ యార్డులో ఒక వ్యాపారి వలీ కందులు నాలుగు నోట్లో వేసుకుని కొరికి, కందంటే ఇదీ అన్నాడు. పక్కనున్న బిచ్చయ్య కుప్పను చేత్తో తాకి, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. ఆ అనకపోవడం బిచ్చయ్యకు ఏడాదంతా గొంతులో ముల్లయింది.

అందుకే ఈసారి వలీ కంటే వారం ముందు విత్తాడు. రోజూ కట్టె పట్టుకుని కొలిచాడు. తన కంది జానెడు ఎక్కువ.

విత్తిన యాభై రోజులకు కంది కొసలు తుంచడం ఇక్కడి పద్ధతి. తుంచితే మొక్క పైకి పోవడం మాని పక్కలకు కొమ్మలు వేస్తుంది, కాయ బాగా పడుతుంది. బిచ్చయ్యకు అది తెలియక కాదు. తుంచితే ఆ జానెడు పోతుంది. భార్య నాగవ్వ మాట్లాడి తెచ్చిన కూలివాళ్ళను గట్టు మీదినుంచే తిప్పి పంపించాడు.

వారం తర్వాత వలీ, అతని భార్య షమ్సున్నీసా తమ చేను కొసలు తుంచారు. వాళ్ళ కంది ఒక్కరోజులో పొట్టిదైపోయింది. ఆ రోజు బిచ్చయ్య రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాడు.

వలీ గట్టు దగ్గరకు వచ్చి అన్నాడు: "బిచ్చన్నా, ఇగనన్న తుంచు. పూతకొచ్చినంక తుంచినా లాభముండది."

ఏడుస్తున్నాడు, ఓర్వలేక నా కందిని పొట్టిది చేయమంటున్నాడు అనుకున్నాడు బిచ్చయ్య. ఆ అనుకోవడంలో ఉన్న తీపి కల్లులో కూడా లేదు.

మర్నాడు నాగవ్వ అతన్ని రెక్క పట్టుకుని చేను మధ్యకు తీసుకుపోయి ఒక మొక్కను చూపించింది. నిటారుగా ఉంది. మూడంటే మూడే కొమ్మలు. గట్టు దాటించి వలీ మొక్కను కూడా చూపించింది. అది అప్పుడే గొడుగు విప్పుతున్నట్టుంది.

"నువ్వు కంది పెంచినవా, వలీని కొల్వనీకి కట్టెలు పెంచినవా?" అంది. "ఏడాదంత ఏం తింటం? గా జానెడు తింటమా?"

బిచ్చయ్య గట్టు దాటి తన చేనులోకి తిరిగొచ్చాడు. వంగి ఒక కొస తుంచాడు. తన చెవిని తనే గిల్లుకున్నట్టయింది. మొదటి సాలంతా అట్లాగే గడిచింది. తుంచిన ప్రతి కొసకూ వలీ ఒక పిసరు పొడుగవుతున్నట్టు తోచింది. అట్లా సాలు వెంట సాలు పోతూ చేను అవతలి మూలకు చేరాడు. అక్కడ వాననీళ్ళు నిలిచి మొక్కలు పసుపెక్కి ఉన్నాయి. ఎన్ని రోజులైందో. ఆ మూల వలీ చేనుకు దూరం, అటు అతను పోనే లేదు. పార తెచ్చి కాలువ తీశాడు. నీళ్ళు గుడగుడమంటూ వెళ్ళిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు. ఇది నాది అనిపించింది. ఎవరిదానికంటే ఎక్కువ అన్న మాట వెంట రాలేదు. పొద్దు వాలేదాకా గట్టు అవతలికి తల తిప్పలేదు.

పంట వచ్చింది, వలీకి వచ్చినంత రాలేదు. యార్డులో వ్యాపారి ఈసారీ ఏమీ అనలేదు. ఆ సంగతి బిచ్చయ్యకు ఇంటికొచ్చి పప్పన్నం తింటుండగా తట్టింది. తట్టినా ముద్ద ఆగలేదు.

ఇందులో బర్రె కాక ఇంకొక్కటి నేను కల్పించాను. కాలువ తీసిన నాడు తల తిప్పలేదన్నాను గదా, రెండుసార్లు తిప్పాడు. మూడోసారి తిప్పబోయి, కాళ్ళ దగ్గర ఒక మొక్కకు కొస మిగిలిపోయిందని వంగాడు.