బుధవారం లాంటి రోజు

మంగ ఇల్లంతా తలకిందులు చేసి ఆకుపచ్చ చీర వెతికి పట్టుకుంది. పోయిన బుధవారం ఆమె ఒంటి మీద ఉన్నది అదే. ఆ రోజు తమ్ముడు సదానందం తనంతట తాను లేచాడు. స్నానం చేశాడు, గడ్డం గీసుకున్నాడు, జ్వరంతో పడుకున్న అక్కకు చాయ్ పెట్టిచ్చాడు. సాయంత్రం బావ పరుశురాం ఏదో అంటే నవ్వాడు కూడా. గురువారం తెల్లారేసరికి మళ్ళీ గోడవైపు తిరిగి పడుకున్నాడు.

అప్పటినుంచి మంగకు ఒకటే ధ్యాస. ఆ రోజు ఏది కలిసొచ్చిందో తెలిస్తే చాలు, అదే మళ్ళీ చేసి తమ్ముణ్ణి లేపుకుంటుంది.

పేరు పెట్టినవాళ్ళకు ముందు సంగతి ఏం తెలుస్తుంది, సదానందం అని పెట్టేశారు. వలస వచ్చిన ఈ ఊళ్ళో, సచిన్‌ అనే పేటలో మరమగ్గాలు నడిపేవాడు. ఎక్కడ దారం తెగినా అందరికంటే ముందు అతనికే కనబడేది. అలాంటి మనిషి వానలు మొదలైనప్పటినుంచి పనికి పోవడం మానేశాడు. దవాఖానలో డాక్టరమ్మ డిప్రెషన్ అని చెప్పి మాత్రలు రాసింది. మంగ వాటిని పూట తప్పకుండా వేయిస్తోంది. కానీ మాత్రలు గురువారమూ వేసింది కదా, మరి బుధవారమే ఎందుకు లేచినట్టు? ఎంత ఆలోచించినా ఆమెకు అంతుపట్టలేదు.

చెప్పేవాళ్ళకు మాత్రం కరువు లేదు. ఉన్‌ అనే పేటలో వాళ్ళుండే గల్లీలో ప్రతివాళ్ళూ డాక్టర్లే. పక్కింటి సారక్క, "మంగళారం నేను దిష్టి తీసిన గదనే, గందుకే లేచిండు," అంది. తీసిన దిష్టి ఒక్కరోజుకే మళ్ళీ ఎట్లా తగిలిందని అడిగితే మూతి ముడుచుకుని వెళ్ళిపోయింది. పరుశురాంది ఇంకో లెక్క. "బుధారం ఎనకాల గల్లీల కరెంటు లేకుండె. సాంచాలన్నీ బందున్నయి. సప్పుడు లేకపోయేసరికి వాని పానం నిమ్మళమైంది," అన్నాడు. తమ్ముడు చిన్నప్పటినుంచి మరమగ్గాల చప్పుడులోనే నిద్రపోయినవాడని మంగకు తెలుసు. అయినా ఏమో, ఎవరు చెప్పొచ్చారు అనుకుని ఆ మాటా మనసులో పెట్టుకుంది.

మొన్న దవాఖానకు పోయినప్పుడు తమ్ముడి తరఫున తనే వచ్చీరాని హిందీలో చెప్పింది, బుధవారం చాలా బాగున్నాడు అని. డాక్టరమ్మ సదానందం వైపు చూసింది. అతను తన చెప్పులకేసి చూశాడు. మందులు ఆపొద్దు, కొంచెం టైము పడుతుంది అందామె. టైము పడుతుందని అందరూ అంటారు, ఏం చెయ్యాలో ఒక్కరూ చెప్పరని మంగకు ఒళ్ళు మండింది.

ఇవాళ మళ్ళీ బుధవారం. ఆకుపచ్చ చీర కట్టుకుంది. ఆ రోజులాగే పచ్చిపులుసు కలిపింది. టీవీ పెట్టలేదు. మగ్గాల చప్పుడు తగ్గుతుందని కిటికీ సగం మూసింది. చీరల వెనక వేలాడే దారాలు ఇంట్లో కూర్చుని కత్తిరించడం ఆమె పని. జ్వరం వచ్చిన రోజు ఆ పని తమ్ముడే చేశాడని చీరల మూట తెచ్చి అతని మంచం పక్కనే విప్పింది. చూసింది, చూసింది. సదానందం గోడవైపు నుంచి కదల్లేదు.

ఇక మిగిలింది జ్వరం ఒక్కటే. అదెక్కడినుంచి తెచ్చుకోను అనుకుని నవ్వబోయింది. నవ్వుకు బదులు ఏడుపొచ్చింది.

"ఏందక్కా?" అన్నాడు అతను, తల తిప్పకుండానే.

"ఏం జేస్తే లేస్తవ్ తమ్మీ? అన్నీ గా దినం లెక్కనే చేసిన. చీర గూడ గదే కట్టిన."

సదానందం మెల్లగా ఇటు తిరిగాడు. చీర చూశాడు, మూట చూశాడు, సగం మూసిన కిటికీ చూశాడు.

"ఏ దినం?"

"బుధారం. నువ్వు మంచిగున్న దినం."

 

"గా దినం గూడ గిట్లనే ఉండె అక్కా," అన్నాడు. "ఇంకింత ఎక్కువ బాధనే ఉండె. నీకు జరమొచ్చింది. నేను లేవకపోతే నీకు చాయ్ ఎవలు పోస్తరని లేచిన, గంతే."

"మరి నవ్వినవ్ గద?"

"నువ్వు చూస్తుంటివి."

వారంనుంచి వెనక్కి తెచ్చుకోవాలని తను కిందామీదా పడుతున్న మంచిరోజు అసలు వచ్చిందే కాదు. తనకోసం లేచాడని సంతోషపడాలో, అంత బాధలో తనముందు నవ్వాడని ఏడవాలో తెలియలేదు. డాక్టరమ్మకు చెప్పిందంతా తప్పే. అప్పుడే ఎందుకు చెప్పలేదని అడగబోయి ఆగింది. తను ఎంత మురిసిపోతూ చెప్పిందో పక్కనున్నవాడు చూడకపోతాడా.

"ఈసారి డాక్టరమ్మకు నువ్వే చెప్పాలె. నేను చెప్ప," అంది.

"చెప్పుడు అస్తదో రాదో."

"ముందుగాల నాకు చెప్పు. గిప్పుడు ఎట్లున్నది?"

లేచినవా, తిన్నవా, గోలి ఏసుకున్నవా అని రోజూ అడిగేది. ఈ మాట మాత్రం ఎన్నడూ అడగలేదని అప్పుడే తట్టింది.

అతను కళ్ళు మూసుకున్నాడు. "తడిసిన బొంత మీదేసినట్టున్నది. తీద్దామంటే చేతులు లేస్తలేవు."

మంగ తలూపింది. అర్థమైనట్టే ఉంది, కానట్టే ఉంది. "నాకు సరిగ్గ సమజ్ కాలే తమ్మీ. అయినా చెప్పుతుండు," అంది. చెంగుతో కళ్ళు తుడుచుకుంది. అది చూసి సదానందం మోచేయి ఊని పైకి లేవబోయాడు.

"ఏడ్వకక్కా. చాయ్ పెడ్తనుండు."

ఎన్నాళ్ళనుంచో ఆమె ఎదురుచూస్తున్నది అతను అలా లేవడం కోసమే. గబుక్కున అతని భుజం మీద చెయ్యి వేసి ఆపింది.

"వద్దు. నాకోసం లేవకు తమ్మీ," అంది.

అతను మళ్ళీ తల వాల్చాడు. తను చేసింది మంచో చెడో ఆమెకు తెలియలేదు. చాయ్ పెట్టడానికి తనే లేచింది.